తాళాల వెల

నెల్లూరు ఎడిషన్‌లో బ్యాంకు వేలం ప్రకటన పడితే దాన్ని చివరిదాకా చదివేవాళ్లు ఇద్దరే. ఇల్లు పోతున్నవాడు ఒకడు, చవగ్గా దొరుకుతుందేమోనని చూసేవాడు ఇంకొకడు. సర్వే నంబరు, నాలుగు హద్దులు, రిజర్వు ధర, ధరావతు, వేలం తేదీ అన్నీ అందులో ఉంటాయి. ఆస్తిని ఎక్కడున్నది అక్కడే, ఎలా ఉన్నది అలాగే అమ్ముతున్నామన్న మాట కూడా అడుగున ఉంటుంది. లోపల ఎవరు కాపురముంటున్నారో మాత్రం ఉండదు. స్వాధీనం లాంఛనప్రాయమని రాసి ఉంటే, గోడకు నోటీసు అంటించారే తప్ప తాళం ఇంకా బ్యాంకు చేతికి రాలేదని అర్థం చేసుకోవాలి.

ఆ తాళం చేతికి రావడానికి పట్టే కాలమే ఈ వ్యాసానికి విషయం. ఇంట్లో ఉన్నవాళ్లకు కొంత సొమ్ము ముట్టజెప్పి, చెప్పిన తేదీకి ఇల్లు చెడకుండా ఖాళీ చేయించుకోవడం అనే పద్ధతిని అమెరికా బ్యాంకులు ఒక పద్దుగా రాసుకుంటాయి. మన దగ్గర అదే పని పెద్దమనుషుల మధ్య, రసీదు లేకుండా జరిగిపోతుంది. డబ్బు ఇవ్వాలా వద్దా అన్న చర్చ నాకు పాతబడిందనిపిస్తుంది. డబ్బు ఎలాగూ ఖర్చవుతూనే ఉంది. అది ఎవరికి ముడుతోంది, ఏ లెక్కన ముడుతోంది అన్నదే అసలు ప్రశ్న.

అమెరికా అనుభవం క్లుప్తంగా చెప్పుకుందాం. 2008 ఇళ్ల సంక్షోభంలో అప్పు కట్టలేని ఇళ్లు లక్షల్లో బ్యాంకుల మీద పడ్డాయి. కోర్టు ద్వారా ఖాళీ చేయిస్తే నెలలు పడుతుంది. ఈలోగా కోపంతోనో అవసరంతోనో రాగి పైపులు, వంటింటి సామాను ఊడబెరుక్కుపోయినవాళ్లున్నారు. అందుకని ఇల్లు ఊడ్చి, సామాను ఉన్నది ఉన్నట్టు వదిలి, తాళాలు అప్పగిస్తే ఇంత ఇస్తామని బ్యాంకులే బేరానికి దిగాయి. 2010 ఏప్రిల్‌లో మొదలైన ప్రభుత్వ పథకం ఒకటి, జప్తు దాకా పోకుండా ఇల్లు వదిలే కుటుంబానికి తరలింపు ఖర్చు కింద 3,000 డాలర్లు నిర్ణయించింది. 2015లో దాన్ని 10,000కు పెంచారు. అద్దెకున్నవాళ్ల సంగతి వేరు. ఇల్లు జప్తయినా వాళ్లకు కనీసం 90 రోజుల గడువివ్వాలని 2009లో చట్టం వచ్చింది, 2018లో అది శాశ్వతమైంది. డాలస్ చుట్టుపక్కల ఇళ్లు కొని అద్దెకిచ్చుకుంటున్న మనవాళ్లకు ఇవి కొత్త విషయాలు కావు. వాళ్లలో కొందరు నెల్లూరులోని సొంత ఫ్లాటును ఖాళీ చేయించుకోలేక అక్కడి నుంచే ఫోన్లు చేస్తుంటారన్నది వేరే సంగతి.

మన బ్యాంకుల చేతిలో 2002 నాటి సర్ఫేసీ చట్టం ఉంది. అప్పు మొండిబాకీ అయ్యాక 60 రోజుల నోటీసు, దానికి అప్పుదారు అభ్యంతరం చెబితే 15 రోజుల్లో జవాబు, ఆ తర్వాత స్వాధీనం. కోర్టు గుమ్మం తొక్కకుండానే ఇదంతా జరగొచ్చు. 2004లో మార్డియా కెమికల్స్ కేసులో సుప్రీంకోర్టు ఈ చట్టాన్ని చాలావరకు నిలబెట్టింది. కాగితం మీద ఇంతకంటే చురుకైన చట్టం లేదు. కానీ మనుషులున్న ఇంటి తాళం తీయాలంటే కలెక్టరు దగ్గరికో చీఫ్ జ్యుడీషియల్ మేజిస్ట్రేటు దగ్గరికో దరఖాస్తు పోవాల్సిందే. వాళ్లు 30 రోజుల్లో, కారణాలు రాస్తే మొత్తం 60 రోజుల్లో ఉత్తర్వు ఇవ్వాలి. గడువు దాటినంత మాత్రాన వాళ్ల అధికారం పోదని 2020లో సుప్రీంకోర్టు తేల్చేసరికి, ఆ గడువు బలం అక్కడితో సరి. ఉత్తర్వు వచ్చినా తహశీల్దారు తీరిక, పోలీసు బందోబస్తు, పంచనామా అన్నీ కుదరాలి. ఎన్నికలో తుఫానో వస్తే మళ్లీ మొదటికే. నెల్లూరులో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుఫాను కాలమే కదా.

ఇంట్లో ఉన్నవాడికీ ఇది సుఖంగా లేదు. బ్యాంకు చర్య మీద 45 రోజుల్లో రుణ వసూళ్ల ట్రిబ్యునల్‌కు వెళ్లొచ్చు. ఆంధ్రప్రదేశ్‌కు ఆ ట్రిబ్యునల్ ఉన్నది విశాఖపట్నంలో. నెల్లూరు నుంచి ఆరు వందల కిలోమీటర్ల పైమాటే. రొయ్యల చెరువు దెబ్బతిని ఇల్లు తాకట్టులో పోగొట్టుకుంటున్న అల్లూరు రైతు, వాయిదా వాయిదాకూ అంత దూరం వకీలును పెట్టి వాదించుకోవాలి. వ్యవసాయ భూమిని ఈ చట్టం ముట్టుకోదు. అయితే పట్టాదారు పాసుపుస్తకం చూపిస్తే సరిపోదని, తాకట్టు పెట్టేనాటికి అక్కడ నిజంగా సేద్యం జరుగుతోందని అప్పుదారే రుజువు చేసుకోవాలని 2023 జనవరిలో కె.శ్రీధర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇక ఇంటికైతే ఆ కవచం కూడా లేదు.

ఇన్ని నెలలు పోతుంటే బ్యాంకు తానే ఇంత ఇచ్చి ఎందుకు ఖాళీ చేయించుకోదు? బాకీ మీద లక్షలు తగ్గించి ఒకేసారి పరిష్కారం కింద ఫైలు మూసే అధికారం బ్యాంకులకు ఉంది. రాజీ పరిష్కారాల మీద రిజర్వు బ్యాంకు 2023 జూన్‌లో స్పష్టమైన చట్రం కూడా ఇచ్చింది. అయినా ఎగవేతదారు చేతికి ఎదురు యాభై వేలు ఇచ్చామని ఫైలులో రాయడానికి ఏ మేనేజరుకూ ధైర్యం చాలదు. రేపు ఆడిటర్ అడుగుతాడు, ఎల్లుండి విజిలెన్సు అడుగుతుంది. ఏడాది ఆలస్యమై ఆస్తి విలువ పడిపోతే అది ఎవరి తప్పూ కాదు. యాభై వేలు ఇస్తే మాత్రం కింద సంతకం పెట్టినవాడి తప్పవుతుంది. అందుకే మన బ్యాంకులు ఈ ఖర్చును వేలంలో కొనేవాడి నెత్తిన వేసి, రిజర్వు ధరలో సర్దుకుంటాయి. ఖాళీ ఇంటికీ మనుషులున్న ఇంటికీ వేలంలో పలికే ధరకు మధ్య ఉన్న తేడాయే, బ్యాంకు ఇవ్వకుండా ఇస్తున్న ఖాళీ ఖర్చు. ఆ తేడా కాపురమున్నవాళ్ల చేతికి పోదు. వేలం పాటల్లో ఆరితేరి, ఏ ఇల్లు ఎలా ఖాళీ చేయించాలో తెలిసినవాళ్ల జేబులోకి పోతుంది.

మామూలు మనిషి వేలంలో కొంటే ఏమవుతుందో చూడండి. పాట ముగిసిన రోజే, మహా అయితే మర్నాటి పనిదినానికి, నాలుగో వంతు కట్టాలి. మిగతాది 15 రోజుల్లో కట్టాలి. దానికి మరో బ్యాంకులో అప్పు తెచ్చుకుంటాడు. తాళం ఎప్పుడొస్తుందో తెలియదు, కిస్తీ మాత్రం వచ్చే నెల నుంచే. పైగా పాత కరెంటు బకాయి ఉంటుంది. ఎలా ఉన్నది అలాగే అని కొన్నవాడి దగ్గర పాత బకాయి వసూలు చేసుకునే హక్కు విద్యుత్ సంస్థలకు ఉండొచ్చని 2023 మే నెలలో కె.సి.నైనన్ కేసులో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. కాబట్టి నెల్లూరులో ఇల్లు కొనేవాడు ఎస్పీడీసీఎల్ సర్వీసు నంబరు చూసుకోకుండా పాటకు వెళ్లకూడదు. నగరపాలక సంస్థ ఇంటి పన్ను సంగతీ అంతే.

అందరికంటే అన్యాయమైపోయేవాడు ఇంకొకడున్నాడు. తాకట్టులో ఉన్న ఇంట్లో, ఆ సంగతే తెలియకుండా అద్దెకున్నవాడు. బాలాజీ నగర్‌లోనో వేదాయపాలెంలోనో ఫ్లాటు తీసుకున్నప్పుడు, ఆస్తి మీది అప్పులు చూపే ఈసీ చూసేవాళ్లెవరు? చూసినా, డాక్యుమెంట్లు బ్యాంకులో పెట్టి తెచ్చుకున్న అప్పు అందులో కనిపిస్తుందన్న నమ్మకం లేదు. ఓనరుకు అడ్వాన్సు ఇచ్చాడు, నెలనెలా ఫోన్‌పేలో అద్దె కొడుతున్నాడు, అగ్రిమెంటు పదకొండు నెలలది. రిజిస్ట్రేషన్ జోలికి పోకుండా ఉండటానికే ఆ పదకొండు నెలల ఏర్పాటు. ఒకరోజు తలుపు మీద నోటీసు పడుతుంది.

సుప్రీంకోర్టు ఈ మనిషి గురించి మూడుసార్లు మూడు రకాల స్వరంతో మాట్లాడింది. తాకట్టుకు ముందు నుంచీ చెల్లుబాటయ్యే లీజు ఉన్న కిరాయిదారును బ్యాంకు ఇష్టమొచ్చినట్టు గెంటేయలేదని 2014లో హర్షద్ గోవర్ధన్ సొందాగర్ కేసులో చెప్పింది. అద్దె చట్టాల రక్షణను బ్యాంకుల చట్టం మింగేయదని 2016లో విశాల్ కల్సారియా కేసులో ఇంకాస్త గట్టిగా చెప్పింది. 2019లో బజరంగ్ అగర్వాల్ కేసు నాటికి స్వరం తగ్గింది. రిజిస్టరు కాని, నోటిమాట లీజు పట్టుకుని కిరాయిదారు ఎక్కువ కాలం వేలాడలేడన్నది దాని సారాంశం. బ్యాంకు నోటీసు వచ్చాక బ్యాంకు అనుమతి లేకుండా ఇచ్చిన అద్దె అయితే అసలే నిలవదు. 2016 సవరణతో కిరాయిదారు కూడా ట్రిబ్యునల్‌కు వెళ్లొచ్చన్నారు. ట్రిబ్యునల్ ఎక్కడుందో పైన చెప్పాను.

ఈ కిరాయిదారు కోల్పోయేది ప్రధానంగా అడ్వాన్సు. అది తీసుకున్న ఓనరు అప్పులపాలై ఫోను ఎత్తడు. బ్యాంకు, అది మాకు సంబంధం లేదంటుంది. వేలంలో కొన్నవాడూ అంతే. అలాంటప్పుడు కిరాయిదారు ఇల్లు వదలడానికి మొండికేస్తే దాన్ని దుర్మార్గమనడం నాకు మనస్కరించదు. అడ్వాన్సు కాళ్లకింద నేల, అది పోయాక కొత్త ఇంటికి మళ్లీ కట్టడానికి ఎక్కడి నుంచి తెస్తాడు? ఈ ఒక్క చోట నా అభిప్రాయం సూటిగా చెబుతాను: తాకట్టు ఇంట్లోని అమాయక కిరాయిదారుకు, బ్యాంకు ద్వారా చెల్లించినట్టు రుజువున్న అడ్వాన్సు మేరకు అమ్మకం సొమ్ములోంచే ఖాళీ ఖర్చు ఇవ్వాలి. దాన్ని స్వాధీనం ఖర్చుల కింద రాసుకోవచ్చు. వకీలు ఫీజు, భద్రతా సిబ్బంది ఖర్చు అలాగే రాసుకుంటున్నారుగా!

ఇక మామూలు అద్దె ఇళ్లు, దుకాణాల దగ్గరికి వద్దాం. డబ్బిచ్చి ఖాళీ చేయించే అలవాటు నెల్లూరులో పుట్టి పెరిగింది ఇక్కడే. ట్రంకు రోడ్డులో తాతల నాటి అద్దెకున్న కొట్టు, స్టోన్‌హౌస్‌పేటలో పాత గోదాము, ఆసుపత్రులతో, ల్యాబులతో కిక్కిరిసిన పొగతోట సందులో పెంకుటిల్లు. స్థలం విలువ కోట్లకు చేరినా అద్దె వందల్లోనే ఆగిపోతే, ఖాళీ చేయడానికి కిరాయిదారు అడిగే సొమ్ము అద్దెను బట్టి ఉండదు, కట్టబోయే కాంప్లెక్సును బట్టి ఉంటుంది.

దీనికి మూలం 1960 నాటి భవనాల అద్దె, ఖాళీ నియంత్రణ చట్టం. కావాలని అద్దె ఎగ్గొట్టడం, ఓనరు అనుమతి లేకుండా మరొకరికి అద్దెకివ్వడం, ఓనరుకు సొంత అవసరం లాంటి కొన్ని కారణాలు రుజువైతేనే ఖాళీ చేయించాలని అది చెప్పింది. 1957 ఆగస్టు 26 తర్వాత కట్టిన భవనాలకు మొదట్లో మినహాయింపు ఉండేది. పాతికేళ్లు గడిచాక ఆ తేడాకు అర్థం లేదని 1983లో మోటార్ జనరల్ ట్రేడర్స్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ డిసెంబరులోనే ప్రభుత్వం కట్టి పదేళ్లు దాటని భవనాలకు, నెలకు వెయ్యి దాటిన అద్దెలకు మళ్లీ మినహాయింపు ఇచ్చింది. 2005 సవరణలో ఆ గీతను నగరపాలక సంస్థల్లో 3,500 రూపాయలకు, ఇతర చోట్ల 2,000కు జరిపారు. నెల్లూరు నగరపాలక సంస్థ అయింది 2004లో. అంటే మాగుంట లేఔట్‌లో పదివేల అద్దె కట్టే ఉద్యోగికి ఆ రక్షణ లేకపోయింది. పదిహేను రోజుల నోటీసిచ్చి సివిల్ కోర్టులో దావా వేయగలిగేవారు. ట్రంకు రోడ్డులో ఎనిమిది వందలు కట్టే వ్యాపారికి మాత్రం రక్షణ ఉండేది. పేదవాడి కోసం పుట్టిన చట్టం చివరికి ఎవరికి అక్కరకొచ్చిందో చెప్పనక్కర్లేదు. పాత చట్టానికి బదులుగా 2017లో రాష్ట్రం కొత్త అద్దె చట్టం చేసింది. బేరాలు చేసే బుర్రలు మాత్రం ఇంకా 1960లోనే ఉన్నాయి.

ఖాళీ చేసినందుకు కిరాయిదారు డబ్బు అడగొచ్చా? రాష్ట్రానికో తీరు. ఢిల్లీ 1958 చట్టం కిరాయి హక్కు వదులుకున్నందుకు ప్రతిఫలం తీసుకోవడాన్నే నిషేధించింది. బొంబాయిలో కిరాయి హక్కు చేతులు మారేటప్పుడు ఇచ్చే సొమ్ము, అంటే పగిడీ, దశాబ్దాల పాటు చీకట్లో నడిచింది. 1999 నాటి మహారాష్ట్ర చట్టం 56వ సెక్షనుతో దాన్ని వెలుగులోకి తెచ్చింది. హక్కు వదులుకున్నందుకు కిరాయిదారు, అంగీకారమిచ్చినందుకు ఓనరు సొమ్ము తీసుకోవచ్చని ఒప్పేసుకుంది. మన 1960 చట్టం కట్టడి పెట్టింది ప్రధానంగా ఓనరు అద్దెకు మించి గుంజే సొమ్ము మీద. ఓనరు ఇచ్చి ఖాళీ చేయించుకునే సొమ్ము గురించి మనవాళ్లు చట్టం దాకా వెళ్లలేదు, పెద్దమనుషుల దగ్గరే ఆగారు. నిషేధం పెట్టిన చోటా డబ్బు చేతులు మారింది, మధ్యవర్తి వాటా మాత్రం పెరిగింది. అందుకే నేను మహారాష్ట్ర దారి వైపు మొగ్గుతాను.

ధర ఎలా తేలుతుంది? ఉదాహరణకు ఒక ఫ్లాటు అనుకుందాం. అద్దె 12,000, బయట పలికే అద్దె 16,000. దావా, అప్పీలు, అమలు పిటిషను కలిపి మూడేళ్లు పడుతుందనుకుంటే ఓనరుకు పోయే తేడా 1,44,000. వకీలు ఖర్చు మరో యాభై వేలు. చివర్లో రంగులు, మరమ్మతులు ఎలాగూ ఉన్నాయి. సుమారు రెండు లక్షలు ఓనరు చెల్లించగలిగిన పై గీత. కిరాయిదారు వైపు నుంచి లారీ, కూలీలు, కొత్త ఇంటికి అడ్వాన్సు, బ్రోకరుకు నెలద్దె, పిల్లల బడి దూరమైతే ఆటో, అన్నీ కలిపి డెబ్బై వేలనుకుంటే అది కింది గీత. బేరం ఆ రెండింటి మధ్య. ఇక్కడ అమ్ముడవుతున్నది ఇల్లు కాదు, మూడేళ్ల కాలం. కాబట్టి కోర్టు వేగం పెరిగితే ఈ ధర దానంతటదే పడిపోవాలి. అమలు పిటిషన్లను ఆరు నెలల్లో ముగించాలని 2021లో రాహుల్ షా కేసులో సుప్రీంకోర్టు కింది కోర్టులను ఆదేశించింది. డిక్రీ వచ్చాకే కక్షిదారుకు అసలు కష్టాలు మొదలవుతాయని ప్రీవీ కౌన్సిల్ 1872లోనే అంది. నూట యాభై ఏళ్ల ఆ పాత జబ్బు ఒక్క ఆదేశంతో నయమవుతుందని నెల్లూరు బార్‌లో ఎవరూ పందెం కాయరు.

ఆలస్యానికి జరిమానా వేసి ఈ ధరను తగ్గించాలన్నది కేంద్రం 2021 జూన్‌లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం ఆలోచన. గడువు దాటి కూర్చుంటే మొదటి రెండు నెలలు రెట్టింపు అద్దె, ఆపైన నాలుగింతలు. నివాసానికి అడ్వాన్సు రెండు నెలలు మించకూడదు. కాగితం మీద బాగుంది. అయితే నాలుగింతలు కట్టలేని పేదవాడి మీద ఆ బాకీ రాసుకుని ఏం చేస్తారు? వసూలు కాని జరిమానా ఎవరినీ కదిలించదు.

ఇల్లు మంచి స్థితిలో అప్పగించడమనే రెండో సగం మనం దాదాపు పట్టించుకోం. ఇచ్చినప్పుడు ఎలా ఉందో అలా తిరిగివ్వాలని, మామూలు అరుగుదల తప్ప పాడుచేయకూడదని ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షను ఎప్పటి నుంచో చెబుతోంది. తాను బిగించుకున్న ఏసీ, ఇన్వర్టరు, చిమ్నీ లాంటివి గోడకు దెబ్బ తగలకుండా తీసుకుపోయే హక్కూ అదే సెక్షను ఇస్తోంది. తగాదా వచ్చేది ఆ హద్దు దగ్గరే. మన దగ్గర మాయమయ్యేవి రాగి పైపులు కావు. బోరు మోటారు, కరెంటు మీటరు పక్క ఎంసీబీలు, బాత్రూం కుళాయిలు, మరీ పగ ఉంటే టేకు తలుపులు. పాత టేకుకు గిరాకీ ఎంతో మూలాపేటలో ఇల్లు పడగొట్టిన ఎవరినడిగినా చెబుతారు. పైగా సముద్రం దగ్గరి ఊళ్లలో, మైపాడు వైపైనా ముత్తుకూరు వైపైనా, ఉప్పుగాలికి గ్రిల్లులు, సజ్జా కమ్మీలు వాటంతటవే తుప్పు పడతాయి. దాన్ని కిరాయిదారు ఖాతాలో వేసి అడ్వాన్సు కోసేయడం మన ఓనర్లకు అలవాటే. చేరిన రోజు ఫోనులో వీడియో తీసుకుని వాట్సాప్‌లో ఇద్దరూ పంపుకుంటే సగం తగాదాలుండవు. ఖాళీ చేసే ఒప్పందంలో కూడా వస్తువుల జాబితా, కరెంటు చివరి బిల్లు, తేదీ ఉండి, సొమ్ములో పెద్ద భాగం తాళం ఇచ్చిన పూట ఇచ్చేలా ఉండాలి. కొంత ముందుగా ఇవ్వక తప్పదు. చేతిలో డబ్బు లేకుండా కొత్త ఇంటికి అడ్వాన్సు ఎలా కడతాడు?

ఇదే జిల్లాలో తాళానికి వెల కట్టిన అతిపెద్ద బేరగాడు ప్రభుత్వమే. 1969లో రాకెట్ కేంద్రం కోసం ఎంపిక చేశాక శ్రీహరికోట ద్వీపంలోని యానాదులు, ఇతర కుటుంబాల లెక్కలు తారుమారయ్యాయి. 2022 జిల్లాల విభజనలో ఆ ద్వీపం తిరుపతి జిల్లాలోకి పోయింది, కందుకూరు వైపు నుంచి రామాయపట్నం నెల్లూరులోకి వచ్చింది. అదే ఏడాది జూలైలో అక్కడ పోర్టుకు శంకుస్థాపన జరిగింది. మొండివారిపాలెం లాంటి మత్స్యకార పల్లెలకు పునరావాస ప్యాకేజీ మాట మొదలైంది. 2013 భూసేకరణ చట్టం ప్రకారం ఇల్లు పోయిన కుటుంబానికి ఇల్లు, ఏడాది పాటు నెలకు 3,000, రవాణాకు 50,000, స్థిరపడటానికి మరో 50,000 ఇవ్వాలి. పరిహారం, పునరావాస సొమ్ము పూర్తిగా చెల్లించాకే స్వాధీనం చేసుకోవాలని 38వ సెక్షను అంటుంది. ఈ వరుస ఓనర్లూ బ్యాంకులూ నేర్చుకోవాల్సింది. కాకపోతే ఇక్కడ బేరమాడే వీలు లేదు. వద్దన్నా పోవాల్సిందే గనుక దీన్ని ఒప్పందమనలేం. పడవ, వల, తీరం మీద ఎండబెట్టే చోటు, ఇవేవీ ఆ 50,000లో లేవు.

ఖాళీకి డబ్బిచ్చే పద్ధతి మీద రెండు విమర్శలున్నాయి. డబ్బొస్తుందని తెలిస్తే అందరూ మొండికేస్తారన్నది మొదటిది. కొంత నిజం. దాన్ని అడ్డుకోవడానికి ముందుగా వదిలినవాడికి ఎక్కువ, ఆలస్యం చేసేకొద్దీ తక్కువ అని గీత గీస్తే చాలు. రెండోది నాకు ఎక్కువ బరువైనదిగా తోస్తుంది. తన హక్కు విలువ తెలియని కిరాయిదారు పదివేలకే సంతకం పెట్టేస్తాడు. శాన్‌ఫ్రాన్సిస్కోలో 2015 నుంచి ఇలాంటి బేరానికి ముందే ఓనరు హక్కుల పత్రం ఇవ్వాలి, సంతకం చేశాక కూడా కిరాయిదారు 45 రోజుల్లో వెనక్కి తీసుకోవచ్చు. లాస్ ఏంజిలిస్‌లో అద్దె నియంత్రణ ఉన్న ఇళ్లకు ఆ గడువు 30 రోజులు. ఆ ఆలోచించుకునే గడువు మన దగ్గరా ఉండాలి. ఏడు రోజులున్నా మేలే, పెద్దమనిషి ఇంట్లో రాత్రి పదింటికి పెట్టించే సంతకాల కంటే.

దీనికి కొత్త చట్టం వచ్చేదాకా ఆగనక్కర్లేదు. 1987 న్యాయసేవల చట్టం కింద నెల్లూరు జిల్లా న్యాయసేవాధికార సంస్థ దగ్గర కేసు వేయకముందే రాజీకి వెళ్లొచ్చు. లోక్ అదాలత్ అవార్డుకు సివిల్ కోర్టు డిక్రీ విలువ ఉంది, అప్పీలు లేదు. మాట తప్పినవాడి మీద నేరుగా అమలు పిటిషను వేయొచ్చు. ఇక సొమ్ము రెండు లక్షలు గానీ అంతకంటే ఎక్కువ గానీ అయితే నగదుగా తీసుకోకూడదు. 2017 ఏప్రిల్ నుంచి తీసుకున్నవాడికే అంత మొత్తం జరిమానా పడుతుంది. కిరాయి హక్కు వదులుకున్నందుకు వచ్చిన సొమ్మును ఆదాయపు పన్ను శాఖ మూలధన లాభంగా చూస్తుంది. పగిడీ ఇవ్వకుండా చేరినవాడికి కొన్న ధర సున్నాయే. కాబట్టి ట్రంకు రోడ్డు వ్యాపారి బేరం కుదుర్చుకునే ముందు ఆడిటరుతో ఒక మాట అనుకోవడం మంచిది.